ఫొటోషాప్ కొత్త వెర్షన్‌కు మారాలా, వద్దా? మీ పాత ఆల్బమ్ షీట్లతోనే తేల్చుకోండి

"అన్నా, మా దగ్గర ఇంకా పాత ఫొటోషాపే ఉంది. పని నడుస్తూనే ఉంది. కొత్తది వేసుకోమంటారా?" పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవారిలో కొందరి దగ్గర 2002 నాటి 7.0 ఉంది. చాలామంది దగ్గర 2012లో వచ్చిన సీఎస్6 ఉంది. ఇంకొందరు నెలవారీ చందా కట్టి కూడా భయంతో రెండు మూడేళ్ల కిందటి వెర్షన్‌లోనే ఆగిపోయారు.

వీళ్లందరికీ ఒకే జవాబు చెప్పలేను. తేల్చుకునే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే. కొత్త వెర్షన్‌లో ఏమేమి వచ్చాయో వీడియోలో చూసి నిర్ణయించకండి. పోయిన సంవత్సరం మీరే చేసిన షీటును అందులో తెరిచి చూడండి. పేర్లు అక్షరం చెదరకుండా వచ్చాయా, రంగు మారిందా, పని ఎన్ని నిమిషాలు తగ్గింది అన్న మూడు విషయాలు తెలిస్తే నిర్ణయం దానంతట అదే వస్తుంది.

ఉదాహరణలన్నీ ఫొటోషాప్ మీదే చెబుతున్నాను. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీదే అయిన లైట్‌రూమ్, ఉచితంగా దొరికే గింప్ వాడేవారికి తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

కావలసినవి

- ఒక బయటి హార్డ్ డిస్కు. అందులో కనీసం 100 జీబీ ఖాళీ ఉండాలి
- మీరు పూర్తి చేసిన ఆరు పాత పీఎస్‌డీ ఫైళ్లు, అంటే లేయర్లతో ఉన్న ఫొటోషాప్ ఫైళ్లు (ఏవి తీసుకోవాలో నాలుగో మెట్టులో ఉంది)
- మీ కెమెరాతో తీసిన పది, పదిహేను రా ఫైళ్లు (జేపెగ్‌గా మార్చకముందటి అసలు ఫైళ్లు)
- ఫోనులో స్టాప్‌వాచ్, ఒక నోటు పుస్తకం
- డెలివరీలు లేని నాలుగు రోజులు

ఫొటోషాప్ ట్రయల్ 7 రోజులే. మొదలుపెట్టేటప్పుడే కార్డు వివరాలు అడుగుతుంది, గడువులోగా రద్దు చేయకపోతే చందా మొదలై డబ్బు పోతుంది. ట్రయల్ తీసుకుని ఆ తర్వాత ఫైళ్లు వెతుక్కోవడం మొదలుపెడితే వారం ఇట్టే గడిచిపోతుంది. అందుకే మొదటి ఐదు మెట్లు ట్రయల్ తీసుకోకముందే పూర్తి చేయండి.

1. మీ దగ్గర ఏముందో కాగితం మీద రాయండి

హెల్ప్ మెనూలో అబౌట్ ఫొటోషాప్ తెరిస్తే వెర్షన్ సంఖ్య కనిపిస్తుంది. 13 అంటే సీఎస్6. 14 అంటే 2013లో వచ్చిన మొదటి సీసీ (క్రియేటివ్ క్లౌడ్, అంటే చందాతో వచ్చే వెర్షన్). 20 అంటే సీసీ 2019. రా ఫైళ్లను తెరిచే కెమెరా రా ప్లగిన్ సంఖ్య కూడా రాసుకోండి, రెండో మెట్టులో దానితోనే పని. మీ ఫొటోషాప్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది కూడా చూడండి.

వీటి కింద విండోస్ ఏది, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది, సీ డ్రైవులో ఖాళీ ఎంత అన్నవి రాయండి. తర్వాత మీరు రోజూ వాడే ప్లగిన్లు, యాక్షన్లు, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పేర్లు రాయండి. చివరిది చాలామంది మరచిపోతారు. మన పనిలో చిక్కులు ఎక్కువగా వచ్చేది మాత్రం అక్కడే.

2. ఎందుకు మారాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"కొత్త కెమెరా రా ఫైళ్లు తెరుచుకోవడం లేదు." "కంప్యూటర్ మారుస్తున్నాను, పాత ఫొటోషాప్ అందులో యాక్టివేట్ కావడం లేదు." "కటింగ్‌కే (నేపథ్యం నుంచి మనిషిని విడదీయడానికే) రోజులో సగం పోతోంది." "బయట డిజైనర్ పంపే పీఎస్‌డీలు నా దగ్గర సరిగా తెరుచుకోవడం లేదు." ఇవి గట్టి కారణాలు. "పక్క స్టూడియో వాళ్లు మారారు" అన్నది కారణం కాదు. వాక్యం రాయలేకపోతే ఈ సంవత్సరానికి ఆగిపోండి, ఏమీ నష్టం లేదు.

రా ఫైళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అనవసరంగా మారేవాళ్లలో ఎక్కువమంది ఈ కారణంతోనే మారుతున్నారు. సీఎస్6కు వచ్చిన చివరి కెమెరా రా 9.1.1. అది 2015 నాటిది. ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన కెమెరాల రా ఫైళ్లను సీఎస్6 నేరుగా తెరవలేదు. కానన్ 2018 నుంచి వాడుతున్న సీఆర్3 ఫైళ్లదీ అదే పరిస్థితి. తెరుచుకోకపోవడానికి ఫైలు పాడైపోవడమో, కార్డు చెడిపోవడమో కారణం కాదు.

దీనికి ఖర్చు లేని దారి ఉంది. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌లో ఆ రా ఫైళ్లను డీఎన్‌జీలుగా (అడోబీ రూపొందించిన ఉమ్మడి రా ఫైలు రకం) మార్చితే సీఎస్6 వాటిని తెరుస్తుంది. కన్వర్టర్ ప్రిఫరెన్సెస్‌లో కంపాటిబిలిటీ అన్న చోట మీ కెమెరా రా వెర్షన్‌కు సరిపోయేదాన్ని ఎంచుకోవాలి, లేకపోతే డీఎన్‌జీ అయినా తెరుచుకోదు. కానన్ వారి డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్ వారి ఎన్ఎక్స్ స్టూడియో కూడా ఉచితమే. వాటిలో రంగు సరిచేసి టిఫ్‌గా తీసుకుని పాత ఫొటోషాప్‌లో పని చేసుకోవచ్చు.

ఒక పెళ్లికి మీరు తీసే ఫొటోల్లో ఎన్నిటికి రా నిజంగా అవసరమో లెక్క వేయండి. 50 ఫొటోలకైతే ఈ దారి చాలు. ప్రతి పెళ్లికీ 3,000 రా ఫైళ్లు మార్చాలంటే ఆ సమయం, ఆ డిస్కు స్థలం రెండూ భారమే. అప్పుడు మారడమే నయం. డీఎన్‌జీలు చేశాం కదా అని అసలు రా ఫైళ్లను మాత్రం తొలగించకండి.

3. కంప్యూటర్ తట్టుకుంటుందా?

మన షీటు మామూలు ఫొటో లాంటిది కాదు. 12×36 అంగుళాల షీటు 300 రిజల్యూషన్‌లో 3,600×10,800 పిక్సెళ్లు. 8 బిట్ ఆర్‌జీబీలో ఒక్క పూర్తి లేయరే సుమారు 111 ఎంబీ. అలాంటివి పదిహేను ఉంటే ఒకటిన్నర జీబీ దాటుతుంది. 16 బిట్‌లో పని చేస్తే అది రెట్టింపు. దీనికి హిస్టరీలో దాచుకునే దశలు అదనం. 32 బిట్ ప్రోగ్రామ్ 4 జీబీకి మించి ర్యామ్ వాడలేదు కాబట్టి, ర్యామ్ పెంచినా 7.0 వేగం పెరగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇటీవలి వెర్షన్లకు 8 జీబీ ర్యామ్ కనీసం, 16 జీబీ ఉంటే మేలు అని అడోబీయే చెబుతుంది. ఆల్బమ్ పనికి 16 జీబీ కంటే తక్కువ ఉన్న యంత్రం మీద కొత్త వెర్షన్ వేయవద్దని నా సలహా. 8 జీబీతో నడుస్తుంది, కానీ ఒకేసారి మూడు షీట్లు తెరిచేసరికి మీ సహనం నశిస్తుంది. ఎస్ఎస్‌డీ లేకపోతే ముందు అది కొనండి. కొన్నిసార్లు ఎస్ఎస్‌డీ వేయగానే పాత వెర్షన్ మీదే విసుగు పోయి, మారాలన్న ఆలోచనే ఆగిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే కొత్త వెర్షన్ తెరుచుకుంటుంది గానీ కొన్ని టూల్స్ పనిచేయవు. వీటికి తోడు, విండోస్ మీద సీసీ 2019 నుంచి ఫొటోషాప్ 64 బిట్‌లో మాత్రమే వస్తోంది. పాత 32 బిట్ ప్లగిన్లు అందులో కనిపించవు. సీఎస్6 రోజుల ఫ్లాష్ ప్యానెళ్లు 2014 వెర్షన్‌తోనే ఆగిపోయాయి. ఆల్బమ్ టెంప్లేట్ల సీడీతో వచ్చిన ప్యానెల్ మీద మీ పని ఆధారపడి ఉంటే, దానికి కొత్త రూపం ఉందో లేదో అమ్మినవారిని ఇప్పుడే అడగండి.

4. ఆరు ఫైళ్ల పరీక్ష మూట కట్టండి

అందమైన ఫైళ్లను ఏరుకోవద్దు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన వాటినే తీసుకోండి:

- మీ దగ్గరున్న వాటిలో అతి పెద్ద షీటు
- తెలుగు పేర్లు, ముహూర్తం, శుభలేఖ పద్యం ఉన్న షీటు
- చాలా మాస్కులు, బ్లెండింగ్ మోడ్‌లు, నీడలు ఉన్న షీటు
- బయట కొన్న టెంప్లేటుతో చేసినది
- పూలజడ, విడిపోయిన వెంట్రుకలు ఉన్న కటింగ్ ఫొటో
- తలంబ్రాల ఫొటో, రాత్రి పెళ్లిదైతే మరీ మంచిది

పాత వెర్షన్‌లో ఈ ఆరింటినీ తెరిచి, ఒక్కొక్కదాని ఫ్లాట్ కాపీని (లేయర్లన్నీ ఒకటిగా కలిపినదాన్ని) టిఫ్‌గా దాచండి. ఫైలు పేరు చివర "పాత" అని చేర్చండి. తర్వాత పోల్చి చూడటానికి ఇవే ఆధారం. జేపెగ్‌గా దాస్తే కంప్రెషన్ వల్ల వచ్చే తేడాలు కూడా కలిసిపోయి, ఏది నిజమైన తేడానో తెలియదు.

5. అన్నీ భద్రపరచండి

ఎడిట్ మెనూలో ప్రీసెట్స్ కింద ఎగుమతి చేసే ఏర్పాటు ఉంది. సీఎస్6 కంటే పాతదైతే ప్రీసెట్ మేనేజర్ నుంచి బ్రష్‌లు, స్టైల్స్, గ్రేడియంట్లు ఒక్కొక్కటిగా సేవ్ చేసుకోవాలి. యాక్షన్లను యాక్షన్స్ ప్యానెల్ నుంచే విడిగా సేవ్ చేయండి. సెట్ పేరు మీద క్లిక్ చేయాలి, లోపలి ఒక్క యాక్షన్ మీద క్లిక్ చేస్తే సేవ్ అన్న మాట వెలగదు. ఫాంట్ల ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి.

లైట్‌రూమ్ వాడేవారు కేటలాగ్ ఫైలును విడిగా కాపీ చేయాలి. కొత్త వెర్షన్ మీ కేటలాగ్‌ను మార్చి కొత్తది తయారుచేస్తుంది. పాతది అలాగే ఉంటుంది గానీ, కొత్తదాంట్లో చేసిన పని పాత లైట్‌రూమ్‌కు కనిపించదు. రెండింటిలోనూ మార్చి మార్చి పని చేస్తే ఏ ఫొటోకు ఏ సవరణ చేశారో మీకే తెలియని స్థితి వస్తుంది. పరీక్షకు ఒక చిన్న పెళ్లి కేటలాగ్ చాలు.

పాత సీఎస్ లైసెన్సు కొన్నవారు, కంప్యూటర్ ఫార్మాట్ చేసే ముందు హెల్ప్ మెనూలో డీయాక్టివేట్ చేయండి. దాన్ని మళ్లీ మరో యంత్రంలో యాక్టివేట్ చేయగలుగుతారన్న భరోసా మాత్రం పెట్టుకోకండి. పాత వెర్షన్ నడుస్తున్న కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయడమంటే దాన్ని వదులుకోవడమే అనుకుని నిర్ణయించండి.

6. పక్కపక్కనే ఇన్‌స్టాల్ చేయండి

ఇప్పుడు ట్రయల్ తీసుకోండి. క్రియేటివ్ క్లౌడ్ ద్వారా ముందే చందాలో ఉన్నవారు అప్‌డేట్ నొక్కగానే వచ్చే అడ్వాన్స్‌డ్ ఎంపికలు తెరవండి. అక్కడ పాత వెర్షన్లను తొలగించు అన్న గడి ఉంటుంది. ఆ టిక్కు తీసేయండి. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంటుందనుకుంటే అది ఇదే కావాలి. రెండు వెర్షన్లు ఒకే కంప్యూటర్‌లో గొడవ లేకుండా ఉంటాయి. తొలగించాక తిరిగి తెచ్చుకోవాలంటే మాత్రం, చందాదారులకు కూడా 2019 నుంచి ప్రస్తుత వెర్షన్, దాని ముందరి వెర్షన్ మాత్రమే దొరుకుతున్నాయి. ఆటో అప్‌డేట్‌ను కూడా ఆపేయండి.

కొత్తది వేశాక పీఎస్‌డీల మీద డబుల్ క్లిక్ చేస్తే కొత్తదే తెరుచుకుంటుంది. పరీక్ష అయ్యేదాకా ఆ అలవాటు మానుకుని, ప్రోగ్రామ్ తెరిచి ఓపెన్ నుంచే వెళ్లండి. అసలు ఫైళ్లను ముట్టుకోవద్దు. మూటలో ఉన్న కాపీల మీదే పరీక్ష.

క్రాక్ చేసిన కాపీతో పరీక్షిద్దామన్న ఆలోచన వద్దు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు ఇలాంటి క్రాక్‌ల ద్వారానే విరివిగా వస్తాయి. పది కుటుంబాల పెళ్లి ఫొటోలున్న కంప్యూటర్‌ను ఆ ప్రమాదంలోకి నెట్టే హక్కు మనకు లేదు. డబ్బే అడ్డంకి అయితే చివర చెప్పిన ఉచిత దారి చూడండి.

7. తెలుగు అక్షరాలను పరీక్షించండి

నిదానంగా చేయవలసిన మెట్టు ఇది. మన ఆల్బమ్‌లలో తెలుగు రెండు రకాలుగా ఉంటుంది, రెండింటి కష్టాలూ వేరు.

మొదటిది అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసినది. లోపల ఉన్నవి నిజానికి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటిని తెలుగు ఆకారాల్లో చూపిస్తుంది. ఆ ఫాంటు కొత్త కంప్యూటర్‌లో లేకపోతే పెళ్లికూతురి పేరున్న చోట అర్థం లేని గుర్తుల వరుస కనిపిస్తుంది. ఫైలు తెరవగానే ఫాంట్లు లేవన్న హెచ్చరిక వస్తే వేరే ఫాంటు పెట్టడానికి ఒప్పుకోకండి. మూసేసి, ఫాంట్లు ఇన్‌స్టాల్ చేసి మళ్లీ తెరవండి. టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడుస్తోందో, కొత్త ఫొటోషాప్‌లో మీట నొక్కితే సరైన అక్షరమే పడుతోందో విడిగా చూడాలి. పాత పేరు సరిగా కనిపించినంత మాత్రాన కొత్త పేరు టైపు చేయగలమని కాదు.

చాలా పాత పీఎస్‌డీలు తెరిచినప్పుడు, టెక్స్ట్ లేయర్లను అప్‌డేట్ చేయమంటారా అన్న ప్రశ్న రావచ్చు. మొదటిసారి వద్దనండి. అప్‌డేట్ చేస్తే అక్షరాల మధ్య దూరం, వరుసల ఎత్తు మారే అవకాశం ఉంది. ముందు ఉన్నది ఉన్నట్టు చూసి, ఆ తర్వాత ఇంకో కాపీ మీద అప్‌డేట్ చేసి పోల్చండి.

ఇంగ్లిషు అలంకార ఫాంట్ల విషయంలోనూ ఒక మెలిక ఉంది. పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం అన్న పొడిగింపులతో ఉండే పాత టైప్1 ఫాంట్లను ఫొటోషాప్ 23వ వెర్షన్ నుంచి చదవదు. పాత సీడీల్లోంచి తెచ్చుకున్నవి కొన్ని అవే. ఫాంట్ల ఫోల్డర్‌లో పొడిగింపులు చూసి రాసుకోండి.

రెండోది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, వెబ్‌లో మనం చూసే తెలుగు. కొత్త వెర్షన్‌కు మారడం వల్ల మనకు కలిగే అసలైన మేలు ఇక్కడే ఉంది. 7.0 వంటి పాత వెర్షన్‌లో యూనికోడ్‌లో "లక్ష్మి" అని అతికిస్తే ఒత్తులు అక్షరం కిందికి వెళ్లవు. కకు పొల్లు, షకు పొల్లు, పక్కన మి, ఇలా విడివిడిగా నిలబడతాయి. కొత్త వెర్షన్లలో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే ఒత్తులు సరిగా కూర్చుంటాయి. కొన్ని వెర్షన్లలో ముందు ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరవాలి. ఆ ఎంపిక పెట్టకముందు టైపు చేసిన లేయర్ దానంతట అది బాగుపడకపోవచ్చు, కొత్త లేయర్‌లో చేసి చూడండి.

పరీక్షకు ఈ పదాలు వాడండి: శ్రీ, లక్ష్మి, కృష్ణ, స్త్రీ, జ్యేష్ఠ, మాంగల్యం, ఆహ్వానం, సౌభాగ్యం. రామభద్ర, మల్లన్న, గిడుగు, సూరన్న, ఎన్‌టీఆర్, పెద్దన వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఒక్కో ఫాంటులో ఈ ఎనిమిది పదాలూ పెట్టి, 200 శాతానికి పెంచి, ఒత్తులు తెగాయా, పక్క అక్షరంతో అతుక్కున్నాయా చూడండి. ఫోనులో వచ్చిన పేరును యథాతథంగా అతికించుకోగలగడం చిన్న సౌకర్యం కాదు. మళ్లీ టైపు చేసేటప్పుడు పడే తప్పులు ఆగుతాయి. పెళ్లి ఆల్బమ్‌లో పేరు తప్పు పడితే ఆ ఇంటివారు దాన్ని జీవితాంతం చూస్తారు.

8. తేడాను కళ్లతో పట్టుకోండి

కొత్త వెర్షన్‌లో ఆరు ఫైళ్లనూ తెరిచి ఫ్లాట్ టిఫ్‌లు తీయండి, పేరు చివర "కొత్త" అని చేర్చండి. "పాత" టిఫ్ తెరిచి దాని మీద "కొత్త" టిఫ్‌ను లేయర్‌గా పెట్టండి. పై లేయర్ బ్లెండింగ్ మోడ్‌ను డిఫరెన్స్‌కు మార్చండి.

తెర పూర్తిగా నల్లబడితే రెండూ ఒకటే. పేరు చుట్టూ సన్నని తెల్ల గీతలు మెరిస్తే అక్షరాలు జరిగాయని అర్థం. ఏదో ఒక ఫొటో అంచు వెంట వెలుగు కనిపిస్తే మాస్కో, నీడో మారింది. షీటంతా సమంగా బూడిద రంగు పొరలా ఉంటే రంగు ప్రొఫైల్ తేడా. నల్లగానే ఉందనిపించినా పైన ఒక లెవెల్స్ లేయర్ వేసి కుడివైపు త్రికోణాన్ని ఎడమకు లాగి చూడండి. చిన్న తేడాలు అప్పుడే బయటపడతాయి. 12×36 షీటులో కంటితో వెతికితే అరగంట పట్టే పని ఇలా ఒక్క నిమిషంలో అయిపోతుంది.

రా ఫైళ్లకు మాత్రం నల్లటి తెర ఆశించవద్దు. పాత సవరణలున్న ఫైలుకు పాత ప్రాసెస్ వెర్షన్‌నే (కెమెరా రా ఆ ఫైలును మలిచే పద్ధతి) ఉంచితే దగ్గరగా వస్తుంది. దాన్ని అప్‌డేట్ చేస్తే చర్మం రంగు, నీడల లోతు మారతాయి. అచ్చయిపోయిన ఆల్బమ్‌ల రా ఫైళ్లకు ఆ అప్‌డేట్ ఎప్పుడూ చేయకండి. రేపు వారు ఒక షీటు మళ్లీ అడిగితే మొదటి దానితో కలవదు.

9. మీ చేతి అలవాట్లను పరీక్షించండి

సీసీ 2019తో రెండు ముఖ్యమైన అలవాట్లు తారుమారయ్యాయి. అంతకుముందు షిఫ్ట్ నొక్కి లాగితే ఫొటో నిష్పత్తి నిలిచేది. ఇప్పుడు ఊరికే లాగినా నిలుస్తుంది, షిఫ్ట్ నొక్కితే చెదురుతుంది. మారిన కొత్తలో నేను ఇది తెలుసుకోకుండా పాత అలవాటుతోనే పని చేశాను. రెండు షీట్లలో పెళ్లికూతురి ముఖం వెడల్పయింది, నేను గమనించలేదు. ప్రింటింగ్ ల్యాబ్‌కు పంపేముందు ఇంట్లోవాళ్లు చూసి "ఈ అమ్మాయి ముఖం ఇక్కడ ఇంత గుండ్రంగా ఉందేమిటి?" అన్నారు. వారు అడగకపోతే ఆ షీట్లు అచ్చయిపోయేవే.

పాత పద్ధతే కావాలంటే ప్రిఫరెన్సెస్ జనరల్ విభాగంలో లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్ టిక్కు పెట్టండి. రెండోది కంట్రోల్ జెడ్. పాత వెర్షన్లలో అది ఒక్క అడుగు వెనక్కి, మళ్లీ నొక్కితే ముందుకు వెళ్లేది. "ముందు, తర్వాత" చూడటానికి చాలామంది అలాగే వాడతారు. ఇప్పుడు నొక్కినకొద్దీ వెనక్కే పోతుంది. కీబోర్డ్ షార్ట్‌కట్స్ కిటికీలో పాత అన్‌డూకు తిరిగి వెళ్లే ఎంపిక ఉంది. జేపెగ్ దాచడానికి సేవ్ యాజ్‌లో ఆ పేరు కనిపించకపోతే సేవ్ ఎ కాపీలో చూడండి.

సహాయకులు ఉన్న స్టూడియో అయితే వారితో కూడా ఒక పూర్తి షీటు చేయించండి. మీకు వారంలో అలవాటయ్యేది వారికి నెల పట్టవచ్చు.

10. రంగు, అచ్చు

ఎడిట్ మెనూలో కలర్ సెట్టింగ్స్ రెండు వెర్షన్లలోనూ తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ల్యాబ్ ఎస్ఆర్‌జీబీ అన్న రంగు ప్రొఫైల్ అడుగుతుంటే రెండూ అదే ఉండాలి. తర్వాత ఒకే షీటును రెండింటిలోంచి జేపెగ్ తీసి, ల్యాబ్‌లో చిన్న ప్రింట్లు వేయించండి. కుంకుమ ఎరుపు, పసుపు బట్టలు, పట్టుచీర జరీ, వీటిని పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద పోల్చి నిర్ణయించవద్దు.

11. స్టాప్‌వాచ్ పట్టుకోండి

ఒకే పని రెండింటిలో చేయండి: పెద్ద షీటు తెరవడం, పూలజడ ఫొటో కటింగ్, రెండు ముఖాల రీటచింగ్, సేవ్. ప్రతిదానికీ నిమిషాలు రాయండి. కొత్తదాంట్లో రెండోసారి చేసినప్పటి సమయాన్నే లెక్కలోకి తీసుకోండి, మొదటిసారి వెతుకులాటకే పోతుంది.

కటింగ్‌లో తేడా ఎక్కువగా కనిపిస్తుంది. సెలెక్ట్ సబ్జెక్ట్ ఒక్క క్లిక్‌తో మనిషిని పట్టుకుంటుంది. అయితే జడలోని మల్లెల మధ్య సందులు, చెవి జుంకాల వెనుక ఖాళీ, వేళ్ల మధ్య నేపథ్యం 100 శాతంలో చూశాకే సమయాన్ని ఆపండి. సరిదిద్దే సమయం కూడా పనిలో భాగమే. తలంబ్రాల ఫొటోకు కృత్రిమ మేధతో నాయిస్ తీసే పద్ధతి వాడి చూడండి. గాలిలో ఉన్న గింజలు గింజల్లాగే ఉన్నాయా, మెత్తని మచ్చలుగా మారాయా? జెనరేటివ్ ఫిల్‌తో (ఖాళీని కృత్రిమ మేధతో పూరించే టూల్) చీర అంచు పూరించి, జరీ డిజైన్ కొనసాగిందో, కొత్తదేదో పుట్టిందో చూడండి. దీనికి ఇంటర్నెట్ తప్పనిసరి, ఫొటో భాగం కంపెనీ సర్వర్లకు వెళుతుంది. కొన్ని కుటుంబాలు దీనికి ఒప్పుకోకపోవచ్చు, అడగడం మర్యాద.

ఇప్పుడు లెక్క. షీటుకు 4 నిమిషాలు మిగిలితే, 40 షీట్ల ఆల్బమ్‌కు 160 నిమిషాలు. నెలకు మూడు ఆల్బమ్‌లైతే 8 గంటలు. ఆ 8 గంటలకు మీరు సహాయకుడికి ఇచ్చే జీతం ఒకవైపు, నెల చందా, దానిపై 18 శాతం జీఎస్‌టీ మరోవైపు రాయండి. సంవత్సర ఒప్పందాన్ని నెలవారీగా కట్టే పథకంలో మొదటి 14 రోజులు దాటాక మధ్యలో మానేస్తే మిగిలిన మొత్తంలో సగం కట్టాల్సి వస్తుంది. పెళ్లిళ్లు లేని నెలలకూ చందా పడుతుందని మరవకండి.

12. ఎప్పుడు మారాలి

ముహూర్తాల రద్దీలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆషాఢమో, మూఢం రోజులో చూసుకోండి. మొదటి ఆల్బమ్ కొత్తదాంట్లో మొదలుపెట్టి అందులోనే పూర్తి చేయండి. సగం చేసిన ఆల్బమ్‌ను మధ్యలో కొత్తదాంట్లోకి తీసుకెళ్లవద్దు. కొత్త ఫీచర్లతో చేసిన లేయర్లు పాతదాంట్లో పోతాయి, లేదా వాటి స్థానంలో ఫ్లాట్ బొమ్మ కనిపిస్తుంది. వెనక్కి రావడం కష్టం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పాత ఫైలును కొత్తదాంట్లో తెరిచి, అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కడం అన్నిటికంటే ప్రమాదకరం. పాత ఆర్కైవ్ డిస్కును చదవడానికి మాత్రమే అనుమతించేలా పెట్టుకోండి. రెండోది, కంప్యూటర్, విండోస్, ఫొటోషాప్ మూడింటినీ ఒకే రోజు మార్చడం. ఏదైనా చెడితే కారణం దేనిదో పట్టుకోలేరు. ఒక్కొక్కటి మార్చి, మధ్యలో ఒక షీటు చేసి చూడండి. మూడోది, 4కే మానిటర్ కొని పాత సీఎస్6 మెనూలు చీమల్లా కనిపిస్తున్నాయని ఫొటోషాప్‌ను తిట్టుకోవడం. సీఎస్6 అలాంటి తెరలు రాకముందటిది. ఆ మానిటర్ తప్పనిసరి అయితే అదీ మారడానికి ఒక గట్టి కారణమే.

మారవద్దని తేలితే

ట్రయల్‌ను గడువుకు ఒక రోజు ముందే రద్దు చేసి, రద్దయిన మెయిల్ వచ్చిందో లేదో చూడండి. పాత వెర్షన్ ఉన్న కంప్యూటర్‌కు డిస్కు ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీసి భద్రపరచండి. ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా, ఆల్బమ్ పనికి మాత్రమే ఉంచండి. రా ఫైళ్లకు డీఎన్‌జీ దారి ఎలాగూ ఉంది.

చందా కట్టలేకపోతే గింప్‌ను చూడండి. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఫిల్టర్లను వేశాక కూడా మార్చుకునే వీలు వచ్చింది. యూనికోడ్ తెలుగు ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. పీఎస్‌డీలు తెరుస్తుంది గానీ కొన్ని లేయర్ ప్రభావాలు తేడాగా రావచ్చు, కాబట్టి దానికీ ఎనిమిదో మెట్టు పరీక్ష చేయండి. ఇప్పటికే గింప్ 2.10 వాడుతున్నవారు తమ ప్లగిన్లు, స్క్రిప్టులు 3.0కు తిరగరాసినవి ఉన్నాయో లేదో చూసుకున్నాకే మారాలి.

మారాలని తేలితే

పాత వెర్షన్‌ను వెంటనే తీసేయకండి. ఇప్పటికే డెలివరీ చేసిన ఆల్బమ్‌లకు "ఇంకో కాపీ కావాలి", "తాతయ్యగారి ఫొటో ఒకటి మార్చాలి" అంటూ అడిగేవారు సంవత్సరం దాకా వస్తూనే ఉంటారు. ఆ ఫైళ్లను వాటిని చేసిన వెర్షన్‌లోనే తెరిచి ఇవ్వండి. పాత షీట్లలో మళ్లీ అచ్చు కావచ్చనుకున్న వాటికి టిఫ్ కాపీలు తీసి, ఆల్బమ్ పేరుతో ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. పాత వెర్షన్ తెరవకుండా ఒక పూర్తి పెళ్లిళ్ల కాలం గడిస్తే అప్పుడు దాన్ని తీసేయవచ్చు.